కర్ర పట్టినోళ్ళు, కొరడా పట్టినోళ్ళు

జనవరి 29న ఢిల్లీ విజయ్ చౌక్‌లో జరిగే బీటింగ్ రిట్రీట్ టీవీలో చూసే ఉంటారు. బ్యాండు ముందు ఒకాయన పొడవాటి కర్ర ఊపుకుంటూ నడుస్తాడు. ఆయనే డ్రమ్ మేజర్. ఆ కర్రని మేస్ అంటారు. హాస్టల్లో మా తమ్ముళ్ళు, "అన్నా, ఈయన ఏమీ వాయించడు కదా, మరి అందరికంటే ముందు ఎందుకు?" అని అడిగారు. ఆ ప్రశ్న వల్లే ఈ పోస్టు. కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి.

అంత మోతలో నోటిమాట వెనక వరసలకి వినపడదు. అందుకే నడవాలన్నా, ఆగాలన్నా, వెనక్కి మళ్ళాలన్నా, వాయిద్యం ఆపాలన్నా ఆ కర్రతోనే సైగ. సంగీతం చూసుకునే బ్యాండ్ మాస్టర్ వేరే ఉంటాడు. నడక, వరస, క్రమశిక్షణ డ్రమ్ మేజర్ పని.

అసలు సైన్యంలో డ్రమ్ము షోకు కోసం పుట్టింది కాదు. వైర్‌లెస్ లేని రోజుల్లో యూరప్ సైనికులు నిద్ర లేవడం, గుంపు కట్టడం, ముందుకి దూకడం, వెనక్కి తగ్గడం అంతా డ్రమ్ము దెబ్బ మీదే. మన గూడెంలో తుడుం మోగితే ఎందుకు మోగుతుందో పెద్దోళ్ళకి తెలిసిపోతుంది చూడండి, అలాగన్నమాట. రాత్రి డ్రమ్ము మోగితే సారా కొట్టోళ్ళు పీపాల కుళాయి కట్టేయాలి, సైనికులు గుడారాలకి పోవాలి. 'కుళాయి కట్టెయ్' అనే డచ్చి మాట నుంచే ఇప్పటి మిలిటరీ 'టాటూ' ప్రదర్శనలకి ఆ పేరొచ్చింది. డ్రమ్మర్లలో చాలామంది చిన్న పిల్లలు. వాళ్ళకి నేర్పేది, వాళ్ళని అదుపులో పెట్టేది డ్రమ్ మేజరే. ఫ్రాన్స్‌లో నెపోలియన్ అయితే తన గార్డుకి ఆరడుగులు దాటిన సెనో అనే ఆయన్ని పెట్టుకున్నాడు. పైన మళ్ళీ ఈకల టోపీ!

ఇక్కడిదాకా బాగానే ఉంది. బ్రిటిష్ సైన్యంలో డ్రమ్మర్లకి ఇంకో పని ఉండేది. తప్పు చేసిన సైనికుణ్ణి కట్టేసి కొరడాతో కొట్టేది వాళ్ళే. దెబ్బ గట్టిగా పడుతుందా లేదా అని పక్కన నిలబడి చూసేది డ్రమ్ మేజర్. 1881లో గానీ ఆ శిక్ష ఆ సైన్యంలో రద్దు కాలేదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది 29వ రెజిమెంటు కథ. 1759లో బ్రిటన్ వాళ్ళు ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి గ్వాడెలూప్ దీవి లాక్కున్నారు. బానిసత్వం నడుస్తున్న దీవి అది. అక్కడి నుంచి పదిమంది నల్లజాతి కుర్రాళ్ళని అడ్మిరల్ బోస్కావెన్ తెచ్చి, ఆ రెజిమెంటు నడిపే తన తమ్ముడికి ఇచ్చాడు. వస్తువు ఇచ్చినట్టు. డ్రమ్మర్లుగా అందంగా ఉంటారని! సైనికులవి ఎర్ర కోట్లు, వీళ్ళవి పసుపు కోట్లు. ఆ రెజిమెంటులో నల్లజాతి డ్రమ్మర్లని పెట్టుకునే ఆచారం 1843 దాకా సాగింది.

1768లో ఆ రెజిమెంటు అమెరికాలోని బోస్టన్‌లో దిగింది. ఊరి మైదానంలో తెల్ల సైనికుల వీపుల మీద ఈ నల్ల డ్రమ్మర్లే కొరడా ఆడించారు. చూసిన ఊరోళ్ళు బిత్తరపోయారు. అధికారం చేతికి వచ్చినట్టు కనిపిస్తుంది కానీ, నా లెక్కలో అది అధికారం కాదు. కొట్టమన్నోడు వేరే, కొట్టినందుకు ద్వేషం పడ్డది వీళ్ళ మీద. రెండేళ్ళకి, 1770 మార్చి 5న, అదే రెజిమెంటు సైనికులు బోస్టన్ జనం మీద కాల్పులు జరిపారు. చనిపోయిన ఐదుగురిలో క్రిస్పస్ అటక్స్ ఒకడు. అతనిది ఆఫ్రికా మూలం, అమెరికా ఆదివాసీ మూలం రెండూ కలిసిన పుట్టుక అని చెప్తారు.

ఆ అమెరికాలోనే ఇంకో నల్లజాతి మనిషి ఈ డ్రమ్ మేజర్ మాట పట్టుకున్నాడు. 1968 ఫిబ్రవరి 4న అట్లాంటా చర్చిలో మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగం దాని మీదే. అందరికంటే ముందు నడవాలనే కోరిక ప్రతి మనిషిలో ఉంటుంది, దాన్ని చంపుకోనక్కర్లేదు, సేవలో ముందుండండి అన్నాడు. తను చనిపోతే తన గురించి ఏం చెప్పాలో కూడా అందులోనే చెప్పాడు. సరిగ్గా రెండు నెలలకి ఆయన్ని కాల్చి చంపారు. అంత్యక్రియల్లో ఆ టేపే వేశారు.

2011లో వాషింగ్టన్‌లో ఆయన విగ్రహం మీద ఆ ప్రసంగంలోని ఒక వాక్యాన్ని కుదించి చెక్కారు. 'నన్ను డ్రమ్ మేజర్ అనాలనుకుంటే' అన్న షరతు ఎగిరిపోయి, తనని తానే పొగుడుకున్నట్టు తయారైంది. ఇది ఆయన మాట కాదని జనం గొడవ చేశారు. 2013లో ఆ అక్షరాల మీద గీతలు చెక్కి చెరిపేశారు.