గాలి పోయే దారి

మా మామ హాల్లో కూర్చోవడం మానేశారన్న సంగతి నేను పదిహేను రోజులకు గానీ గమనించలేదు. పొద్దున కాఫీ తాగి పేపరు తీసుకుని వరండాలోకి వెళ్లిపోతారు. మధ్యాహ్నం అన్నం తన గదిలోకే తెమ్మంటారు. ఎండలు ముదిరాయి కదా, అందుకేనేమో అనుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. ఆయన చెవిలో మిషను తీసి అరచేతిలో పెట్టుకుని, "ఇది పెట్టుకుంటే ఆ డబ్బా రొద తప్ప ఇంకేమీ వినపడదమ్మా. తీసేస్తే మీ మాటలు వినపడవు. మధ్యలో నేను కూర్చుని ఏం చేసేది?" అన్నారు.

ఆ డబ్బా మా అబ్బాయి కంప్యూటర్. ఇంజనీరింగ్ చదువుతున్నాడు, ప్రాజెక్టు పేరుతో దానిమీద గంటల తరబడి ఏవో బొమ్మలు కదిలిస్తూ ఉంటాడు. హాల్లో టీవీ పక్కన చెక్క బీరువా ఒకటి చేయించి, దాని కింది అరలో పెట్టించాం. దుమ్ము పడకూడదని తలుపు కూడా పెట్టించాను. ఆ తెలివి నాదే. మార్చి వచ్చేసరికి అది రైసుమిల్లులాగా మొత్తుకోవడం మొదలుపెట్టింది. మేం మామూలు చెవులవాళ్లం, నాలుగు రోజులకు అలవాటు పడిపోయాం. డెబ్బై దాటిన చెవికి, అందులోనూ చుట్టూ ఉన్న శబ్దాన్ని పెంచి వినిపించే మిషను పెట్టుకున్న చెవికి, అలవాటు పడటం అనేది లేదు.

ఊళ్లో ఒక షాపులో అడిగితే "గాలి చాల్లేదు, ఫ్యాన్లు పెంచండి" అన్నారు. రంగురంగుల లైట్లున్న చిన్న ఫ్యాన్లు ఐదు బిగించి పంపారు. ఇంట్లో తిరునాళ్ల వెలుగు వచ్చింది, రొద రెండింతలైంది, వేడి మాత్రం తగ్గలేదు. ఆ సాయంత్రం మామ మెల్లగా వచ్చి బీరువా ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తలుపు తీసి లోపల చెయ్యి పెట్టి చూశారు. "లోపలికి గాలి కొడతా ఉంది సరే. వేడెక్కిన గాలి బయటికి పొయ్యేదానికి దారేదిరా?" అని మనవణ్ణి అడిగారు. వాడు నన్ను చూశాడు. నేను నేను పెట్టించిన తలుపును చూశాను.

మామకు ఆ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ముందు మా పుట్టింటికే వెళతాను.

నేను పుట్టింది పుంగనూరులో, మట్టి మిద్దెలో. మిద్దె పైకప్పులో ఒకచోట కంత వదిలేవాళ్లు, గవాచి అనేవాళ్లం. పగలు అందులోంచి వెలుతురు పడేది. వానొస్తే పైకెక్కి దానిమీద మూత వేయడం పిల్లల పని. అది వెలుతురు కోసమే అనుకునేదాన్ని. నిజానికి వేడిగాలి తేలిక, పైకి లేస్తుంది. పొయ్యి వేడి, మనుషుల వేడి ఆ కంతలోంచి పోతే, గుమ్మంలోంచి చల్లగాలి తనంతట తానే లోపలికి వచ్చేది. ఫ్యాను లేదు, కరెంటు లేదు, చప్పుడు లేదు. వచ్చే దారి కింద, పోయే దారి పైన. ఇల్లు కట్టిన మేస్త్రీకి తెలిసిన లెక్క అంతే.

పెళ్లయి మదనపల్లె వచ్చాక ఇదే లెక్కను పెద్ద ఎత్తున చూశాను. మా ఊరు సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఈ ప్రాంతం కడప జిల్లాలో ఉన్న రోజుల్లో కలెక్టర్ డబ్ల్యూ.డి. హార్స్లీ ఎండలకు తాళలేక ఇక్కడి కొండమీద బంగళా కట్టుకున్నాడు, ఆ కొండకు ఆయన పేరే నిలిచిపోయింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె అందులోకి వచ్చింది. మరికొన్నేళ్లకు, 1915లో, ఊరి శివారున క్షయరోగుల ఆసుపత్రి మొదలైంది. దాన్ని నిలబెట్టినవాడు డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. ఆ చోటు పేరే ఆరోగ్యవరం.

అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. అంతవరకు ప్రపంచమంతా అలాంటి ఆసుపత్రుల్లో చేసిన వైద్యం ప్రధానంగా ఇదే: విశ్రాంతి, మంచి తిండి, పారే గాలి. అందుకే వాటిని పొడిగాలి ఉన్న ఎత్తు ప్రదేశాల్లో కట్టేవారు. గాలి ఆడాలని పొడవాటి వరండాలు, ఎదురెదురు కిటికీలు పెట్టేవారు. ఒక కిటికీ ఉంటే గాలి తొంగిచూసి పోతుంది, ఎదురుగా ఇంకొకటి ఉంటేనే నడుస్తుంది.

మామ బతుకు ఇంకో రకం గాలితో గడిచింది. ఆయనది కుప్పం దగ్గర పల్లె. సరిహద్దు దాటితే కోలార్ బంగారు గనులు. మన చిత్తూరు జిల్లా నుంచి, పక్కనున్న తమిళ జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు తరాల తరబడి అక్కడికి పనికి వెళ్లాయి. ఆ గనుల కోసమే 1902లో కావేరి మీద శివసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల దూరం కరెంటు తీగలు లాగారు. దేశంలో చాలా పట్టణాలు ఇంకా దీపపు బుడ్ల వెలుగులో ఉన్న కాలమది.

అక్కడి చాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్లు దాటింది. అంత లోతులో రాయి వేడి 60 డిగ్రీల పైమాటే. మనిషి అక్కడ పనిచేయాలంటే గాలిని చల్లబరిచి కిందికి పంపాలి. గని గాలికి సూత్రం ఏమిటంటే, ఒక బావిలోంచి గాలి దిగాలి, పని జరిగే చోటంతా తిరగాలి, వేడెక్కి ఇంకో బావిలోంచి పైకి రావాలి. మధ్యలో తలుపులు పెట్టి, గాలి అడ్డదారిలో తప్పించుకోకుండా చూస్తారు. "ఒక తలుపు తీసిపెట్టి మర్చిపోతే చాలు, గాలి దగ్గర దారి చూసుకుని పోతుంది. లోపల పనిచేసేవాడికి ఊపిరాడదు" అంటారు మామ. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆయన ఒక ట్రంకుపెట్టెతో ఊరికి తిరిగొచ్చారు.

ఆ మరుసటి ఏడాదే, 2002లో, కుప్పంలో హెచ్‌పీ కంపెనీ, అప్పటి ప్రభుత్వం కలిసి ఐ-కమ్యూనిటీ అనే పథకం మొదలుపెట్టాయి. పల్లెల్లో కంప్యూటర్ కేంద్రాలు వచ్చాయి. మామ మొదటిసారి కంప్యూటర్ చూసింది అలాంటి కేంద్రంలోనే. "టీవీ అనుకుంటే, పక్కన డబ్బాలోంచి గాలి వస్తా ఉండె" అని ఇప్పటికీ నవ్వుతారు.

ఆ డబ్బాలో గాలికి పెద్ద చరిత్రేమీ లేదు, నలభై ఏళ్ల పైచిలుకు కథ. 1980లో ఆపిల్ కంపెనీ తన మూడో రకం కంప్యూటర్‌ను చప్పుడు ఉండకూడదని ఫ్యాను లేకుండానే అమ్మింది. అది ఇబ్బందులు పెట్టి, తొలి విడత యంత్రాలను మార్చి ఇవ్వాల్సి వచ్చింది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీకి కరెంటు డబ్బాలో ఒక్క ఫ్యాను ఉండేది, ప్రాసెసర్‌కు విడిగా ఏమీ లేదు. 1993లో పెంటియం వచ్చాక ప్రాసెసర్ నెత్తిన కూడా ఫ్యాను ఎక్కింది. అప్పుడు అది తినే కరెంటు పదిహేను వాట్ల దరిదాపు. 2004 నాటికి పెంటియం 4 వంద వాట్లు దాటింది. అంటే పాతకాలపు పెద్ద బల్బు ఒకటి అగ్గిపెట్టెంత జాగాలో వెలుగుతున్నట్టు. ఇక ఇప్పుడు గేముల కోసం, బొమ్మల కోసం పెట్టే గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే అంతకు రెండింతలు తినగలదు.

మామ మాట విన్నాక నేనూ అబ్బాయీ కూర్చుని చదివి, తేల్చుకున్న సంగతులు కొన్ని చెబుతాను. ఎవరికైనా పనికొస్తాయి.

చిన్న ఫ్యాను కంటే పెద్దది నయం. 8 సెంటీమీటర్ల ఫ్యానుకంటే 12 సెంటీమీటర్లది రెండింతలకు పైగా వైశాల్యం తుడుస్తుంది కాబట్టి నిదానంగా తిరిగినా అంతే గాలి తోస్తుంది. అసలు రొద అంతా వేగంలోనే ఉంది. వేగం సగానికి తగ్గితే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. పది తగ్గితేనే మన చెవికి సగమైనట్టు అనిపిస్తుంది. అదే, ఒకేలాంటి ఫ్యాను ఇంకొకటి చేర్చితే పెరిగేది మూడు డెసిబెల్సే. కాబట్టి ఒకటి పరుగెత్తేకంటే రెండు నడవడం మేలు. షాపువాళ్లు పెట్టిన ఐదూ వేగం తగ్గించే వీల్లేనివి, ఎప్పుడూ పరుగే.

నాలుగు పిన్నుల తీగ ఉన్న ఫ్యాను కొంటే, వేడిని బట్టి వేగం మార్చమని కంప్యూటర్‌కే చెప్పవచ్చు. కానీ నిమిషానికోసారి పెరిగి తగ్గే చప్పుడు, ఒకే తీరున ఉండే చప్పుడు కంటే ఎక్కువ చిరాకు పెడుతుంది. అందుకే వేడి కొంచెం పెరగ్గానే ఉలిక్కిపడకుండా, నిదానంగా స్పందించేలా అబ్బాయి అమర్చాడు. ఫ్యాను లోపలి బేరింగ్ కూడా చూసుకోవాలి. నూనె పొరమీద తిరిగే ఫ్లూయిడ్ రకం చప్పుడు తక్కువ, మన్నిక ఎక్కువ. జల్లెడ ముందున్నా, దగ్గర దగ్గర రేకుల మధ్య నుంచి గాలి పోవాల్సి ఉన్నా, గట్టిగా తోసే రకం కావాలి, దాన్ని స్టాటిక్ ప్రెషర్ ఫ్యాను అంటారు.

ఇంకో మాట. ఎంత మంచి ఫ్యాను పెట్టినా గదిలో గాలికంటే చల్లబరచలేదు. గది 36 డిగ్రీలుంటే లోపలంతా దానికి పైనే. ఏసీ వేరు, ఫ్యాను వేరు.

చివరికి మేం చేసింది ఇది. ముందు నా బీరువా తలుపు ఊడదీయించాం. డబ్బాను అరలోంచి తీసి బల్ల పక్కన, గోడకు జానెడు దూరంలో పెట్టాం. ఏడాదిగా పేరుకున్న దుమ్మును బ్రష్షుతో దులిపాం, జల్లెడ కడిగాం. సగం వేడి అక్కడే తగ్గింది, పైసా ఖర్చు లేకుండా. లైట్ల ఫ్యాన్లు తీసేసి 12 సెంటీమీటర్లవి మూడే పెట్టాం. ముందు రెండు గాలిని లోపలికి లాగుతాయి, వెనక పైన ఒకటి బయటికి పంపుతుంది. వచ్చే దారి కింద, పోయే దారి పైన. బిగించేటప్పుడు మామ పక్కనే నిలబడి, అగరొత్తి వెలిగించి ముందు పట్టుకున్నారు. పొగ లోపలికి వెళ్లి వెనకనుంచి వచ్చిందాకా కదల్లేదు.

మరుసటి రోజు ఆదివారం. నేను వంటింట్లో పప్పు తాలింపు వేస్తుంటే హాల్లోంచి మాటలు వినిపించాయి. అబ్బాయి తెరమీద గని బొమ్మ ఏదో గీస్తూ "తాతా, బావి ఇటుంటుందా, అటా?" అని అడుగుతున్నాడు. వాడు గట్టిగా అరవలేదు, మామూలుగానే అడిగాడు. మామ ఆ మాటకు జవాబు చెబుతున్నారు.

ఆ రోజు అందరికీ హాల్లోనే వడ్డించాను.