మాతృదేవోభవ (1993): కుటుంబ చిత్రాన్ని చరిత్ర ఆధారంగా చదవడం

1. పరిచయం

చరిత్ర ఆధారాలు అనగానే మనకు శాసనాలు, నాణేలు, ప్రభుత్వ దస్త్రాలు గుర్తుకు వస్తాయి. ఇంటి లోపలి జీవితం గురించి ఇవి చెప్పేది తక్కువ. భర్త తాగుడు, తీరని అప్పు, తల్లి పోతే పిల్లల గతి వంటి విషయాలు కేసు నమోదైనప్పుడో, కోర్టుకెక్కినప్పుడో మాత్రమే దస్త్రాల్లో కనిపిస్తాయి. జనాదరణ పొందిన కుటుంబ చిత్రాలు ఈ లోటును కొంతవరకు తీరుస్తాయి. అయితే ఒక హెచ్చరిక అవసరం. సినిమాలో చూపినదంతా సమాజంలో అలాగే జరిగిందని అనుకోకూడదు. ఆనాటి ప్రేక్షకులు దేనిని నమ్మదగినదిగా భావించారో, దేనికి భయపడ్డారో తెలుసుకోవడానికి మాత్రం సినిమా పనికివస్తుంది. ఈ దృష్టితో ఒక మలయాళ చిత్రాన్ని, దాని తెలుగు రూపాన్ని పరిశీలిద్దాం.

2. కేరళ నుంచి తెలుగులోకి

సిబి మలయిల్ దర్శకత్వంలో, డెన్నిస్ జోసెఫ్ రచనతో మలయాళంలో ‘ఆకాశదూతు’ 1993లో విడుదలైంది. కుటుంబ సంక్షేమం అంశంపై ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. అదే సంవత్సరం కె. అజయ్ కుమార్ దర్శకత్వంలో, కె.ఎస్. రామారావు నిర్మాతగా అది ‘మాతృదేవోభవ’ పేరుతో తెలుగులోకి వచ్చింది. రెండు భాషల్లోనూ తల్లి పాత్ర ధరించిన నటి మాధవి. ‘మరోచరిత్ర’ (1978) ద్వారా ఆమె తెలుగువారికి అప్పటికే తెలిసిన నటి. తెలుగు చిత్రానికి కీరవాణి సంగీతం సమకూర్చారు. ఇందులోని పాటకు వేటూరి సుందరరామమూర్తికి జాతీయ పురస్కారం లభించింది. తెలుగు పాటకు ఈ గౌరవం దక్కడం శ్రీశ్రీ తర్వాత ఇది రెండోసారి.

కథ స్థూలంగా ఇది. భర్త డ్రైవరు, మంచివాడే, కాని తాగుడు మానలేడు. అతడు హత్యకు గురవుతాడు. భార్యకు రక్త క్యాన్సర్ అని తెలుస్తుంది. తాను పోయేలోగా నలుగురు పిల్లలకు నాలుగు ఇళ్లు వెతకాలి. వారిలో ఒకడు అవిటివాడు. అతడిని ఎవరు తీసుకుంటారు?

ఈ కథకు 1983లో అమెరికా టెలివిజన్‌లో ప్రసారమైన ‘హూ విల్ లవ్ మై చిల్డ్రన్?’ చిత్రంతో దగ్గరి పోలిక ఉంది. అయోవా రాష్ట్రంలో పదిమంది పిల్లలున్న ఒక తల్లి నిజ జీవితం దానికి ఆధారం. అంటే ఒకే కథ మూడు సమాజాల్లో వినిపించింది. అందువల్ల కథ ఎక్కడ పుట్టిందన్న దానికన్నా, ప్రతిచోటా అందులో ఏది మారిందన్నదే చరిత్ర విద్యార్థికి ముఖ్యమైన ప్రశ్న.

మొదటి మార్పు పేరులోనే కనిపిస్తుంది. మలయాళ చిత్రంలోనిది క్రైస్తవ కుటుంబం. ‘ఆకాశదూతు’ అంటే ఆకాశం నుంచి వచ్చిన సందేశం. తెలుగులో కుటుంబం హిందూ కుటుంబమైంది. పేరు తైత్తిరీయోపనిషత్తు నుంచి వచ్చింది. మొదటి పేరు దైవం వైపు చూపితే, రెండోది తల్లినే దైవంగా నిలుపుతుంది.

3. సారా, సంసారం

ఈ చిత్రం వచ్చిన 1993వ సంవత్సరం ఆంధ్రప్రదేశ్ చరిత్రలో ప్రత్యేకమైనది. నెల్లూరు జిల్లాలో 1990లో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రి బడుల్లో చదువు నేర్చుకుంటున్న స్త్రీలు తమ ఇళ్లలో సారా చేస్తున్న నష్టాన్ని చర్చించసాగారు. దూబగుంట స్త్రీలు ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. 1992 నాటికి అది రాష్ట్రమంతటా ఉద్యమంగా మారింది. సారా వేలం పాటలు ఖజానాకు పెద్ద ఆదాయ మార్గం కావడం వల్ల ప్రభుత్వం మొదట వెనుకాడింది. చివరకు 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దానిని సడలించారు.

ఈ ఉద్యమం వల్లనే ‘మాతృదేవోభవ’ వచ్చిందని చెప్పగలమా? చెప్పలేం. కథ కేరళ నుంచి వచ్చింది. ఒకే కాలంలో జరిగిన రెండు సంఘటనల్లో ఒకటి రెండోదానికి కారణమని భావించడం చరిత్ర రచనలో తరచుగా జరిగే పొరపాటు. కాని తాగుడు వల్ల కూలిన సంసారాన్ని తెర మీద చూసిన తెలుగు స్త్రీకి అది పరాయి రాష్ట్రపు కథ అనిపించే అవకాశం తక్కువ.

ఉద్యమానికీ చిత్రానికీ తేడా కూడా గమనించాలి. ఉద్యమంలో స్త్రీలు సారా దుకాణం ముందు గుంపుగా నిలబడ్డారు. చిత్రంలో తల్లి ఒంటరిగా ఇల్లిల్లూ తిరుగుతుంది. ఉద్యమం తాగుడును అందరి సమస్యగా చూసింది. చిత్రం దానిని ఒక తల్లి త్యాగంతో తీరవలసిన సమస్యగా చూపింది.

4. దత్తత – చట్టం

1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ప్రకారం, తండ్రి మరణిస్తే తల్లి బిడ్డను దత్తత ఇవ్వవచ్చు. దత్తత జరిగిన నాటి నుంచి బిడ్డ చట్టం దృష్టిలో కొత్త ఇంటి బిడ్డే. కన్న కుటుంబంతో బంధం తెగిపోతుంది. క్రైస్తవులకు ఆనాడు ప్రత్యేక దత్తత చట్టం లేదు. 1890 నాటి సంరక్షకుల చట్టం కింద సంరక్షణ బాధ్యత మాత్రమే దొరికేది. అది బిడ్డ మైనారిటీ తీరేవరకే ఉండేది. అన్ని మతాలవారికీ దత్తత మార్గం 2000 నాటి బాలల న్యాయ చట్టం, దాని 2006 సవరణ ద్వారా ఏర్పడింది.

దీనివల్ల ఒక ఆసక్తికరమైన విషయం బయటపడుతుంది. కథ ఒకటే అయినా, కుటుంబం మతం మారగానే పిల్లల చట్టబద్ధ స్థితి మారిపోయింది. ప్రేక్షకుల కన్నీళ్లలో ఈ తేడా కనిపించదు. చట్టాన్ని పక్కన పెట్టి చదివినప్పుడే కనిపిస్తుంది. అవిటి బిడ్డ విషయంలో మాత్రం ఏ చట్టమూ తల్లి బెంగ తీర్చలేదు. బిడ్డను ఇవ్వడానికి చట్టం అనుమతిస్తుంది. తీసుకోవడానికి ఎవరినీ ఒప్పించలేదు.

5. చోడవరంలో ఈ అధ్యయనం

1993లో చోడవరం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. ఇది చెరకు ప్రాంతం. దగ్గరలోనే గోవాడ సహకార చక్కెర కర్మాగారం, అనకాపల్లి బెల్లం మార్కెట్ ఉన్నాయి. ఇక్కడి రైతుకు బెల్లం జీవనాధారం. నాటుసారా కాయడానికి వాడే సరుకు కూడా బెల్లమే. కాబట్టి సారా నిషేధం చెరకు పండించే ఊళ్లో, నెల్లూరు మాగాణి ఊళ్లో ఒకేలా అర్థమై ఉండకపోవచ్చు. దీనిని పరీక్షించాలంటే పెద్దవారిని అడగడమే మార్గం.

మీ ఊళ్లో అరవై ఏళ్లు దాటిన ఇద్దరు స్త్రీలతో మాట్లాడండి. సినిమా ఎలా ఉందని మాత్రమే అడగవద్దు. ఎవరితో కలిసి చూశారు, ఇంటికి వచ్చాక ఏం మాట్లాడుకున్నారు, ఆ రోజుల్లో ఊళ్లో సారా అమ్మకం ఎలా ఉండేది అని అడగండి. వారి మాటలను వారి మాటల్లోనే రాసుకోండి. జ్ఞాపకం ముప్పై ఏళ్లలో మారుతుంది. అందువల్ల ఇద్దరు చెప్పినవి పోల్చి, ఆనాటి పత్రికలతో సరిచూడండి.

6. సారాంశం

కుటుంబ చిత్రం కాలక్షేపం మాత్రమే కాదు. కథ ఒక సమాజం నుంచి మరొక సమాజానికి వచ్చినప్పుడు మారిన అంశాలు, మారని అంశాలు రెండూ ఆధారాలే. ‘మాతృదేవోభవ’లో పేరు, మతం, వాటితోపాటు చట్టం మారాయి. తల్లి భయం మారలేదు. ఆ భయానికి 1993 నాటి తెలుగు సమాజంలో ఏయే కారణాలు ఉన్నాయో కనుగొనడమే చరిత్ర విద్యార్థి చేయవలసిన పని.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ‘ఆకాశదూతు’ తెలుగులోకి వచ్చినప్పుడు జరిగిన ముఖ్యమైన మార్పులు ఏవి?
2. సారా వ్యతిరేక ఉద్యమం, ‘మాతృదేవోభవ’ తాగుడు సమస్యను చూసిన తీరులో తేడాను వివరించండి.
3. జనాదరణ పొందిన చిత్రాన్ని చరిత్ర ఆధారంగా వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలను చర్చించండి.