కూర్చోమంటే కూర్చోని పులి

పిల్లవాణ్ణి ఫోటోకి కూర్చోబెట్టడమే మనకి ఓ యజ్ఞం. గిలక్కాయ ఆడించాలి, కాకిని చూపించాలి. అలాంటిది పులిని ఎదురుగా పెట్టుకుని బొమ్మ వేయాలంటే? అదీ ఓ పట్టాన ఆరని తైలవర్ణాలతో!

1901లో జర్మనీలో మాక్స్ స్లేఫోగ్ట్ అనే చిత్రకారుడు ఆ పనే పెట్టుకున్నాడు. అప్పటికి 33 ఏళ్లు నిండబోతున్నవాడు. ఫ్రాంక్‌ఫర్ట్ జంతుప్రదర్శనశాలకి రంగులు పట్టుకెళ్లి పులినీ, నల్లచిరుతనీ, ఒరాంగుటాన్‌నీ, చిలకల్నీ చిత్రించాడు.

గదిలో కూర్చుని నున్నగా మెరుగులు దిద్దడం కాదు, ఆ క్షణాన కంటికి కనిపించిన వెలుగుని గబగబా కుంచెతో పట్టెయ్యాలి అన్నవాళ్లే ఇంప్రెషనిస్టులు. పారిస్‌లో వాళ్ల మొదటి ప్రదర్శన 1874లో జరిగింది. జర్మనీలో అయితే లీబర్మాన్, కొరింత్, స్లేఫోగ్ట్ పేర్లు ముందు చెబుతారు. అన్నట్టు, రంగులు పట్టుకుని బయటికెళ్లడం అంత తేలికైంది కాదండీ. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరపు ట్యూబులు కనిపెట్టేదాకా రంగుల్ని పంది తిత్తుల్లో మూటగట్టుకునేవారు!

ఇంతకీ, పాతవాళ్లు జూకి వెళ్లలేదా? వెళ్లారు. దెలక్రువా అంతటివాడు పారిస్ జంతుశాలలో సింహాల ఎదుట నిలబడి గీసుకున్నాడు. కాని స్టూడియోకి తిరిగొచ్చాక ఆ సింహాన్ని ఎక్కడో అరబ్బుల దేశంలో గుర్రాల మీదికి ఉరికించాడు. గర్జనలూ, నెత్తురూ, కత్తులూ! చూడ్డానికి గొప్పగానే ఉంటుంది. కాని అది దెలక్రువా ఊహలోని సింహం. వేళకింత మాంసం తిని, ఊచల వెనక పచార్లు చేసిన ఆ అసలు జీవం ఏమైనట్టు?

స్లేఫోగ్ట్ ఆ 1901 బొమ్మల్లో పులికి లేని అడవిని కట్టబెట్టలేదు. వేటగాణ్ణి తేలేదు, కథ అల్లలేదు. జూలో ఉన్నదాన్ని జూలో ఉన్నట్టే వేశాడు. నాకైతే దెలక్రువా వీరత్వం కన్నా ఈ నిజాయితీయే మనసుకి పట్టుకుంది. ఇతను జాలి కూడా ఒలకబోయలేదు చూశారా, చూసేవాళ్లకే వదిలేశాడు.

జంతువుల్నే కాదు, వాటికి చాకిరీ చేసే మనిషినీ చూశాడు. చిలకల్ని మోసుకొచ్చే జూ ఉద్యోగి బొమ్మ ఒకటుంది, ‘చిలకల మనిషి’ అని. దాదాపు అదే రోజుల్లో లీబర్మాన్ కూడా ఆమ్‌స్టర్‌డామ్ జూలో చిలకల బాటని చిత్రించాడు. ఇద్దరికీ ఎండలో ఆ ఎరుపూ, నీలమూ కన్ను కుట్టించాయి కాబోలు!

ఊచల్లేకుండా కందకాలతో జంతువుల్ని ఉంచవచ్చని కార్ల్ హేగెన్‌బెక్ హాంబర్గ్‌లో చేసి చూపించింది 1907లో. స్లేఫోగ్ట్ పులికి ఆరేళ్లు ఆలస్యం. 1963లో తెరిచిన మన హైదరాబాదు నెహ్రూ జూలో కందకాల అవతల పులిని చూస్తున్నామంటే ఆ పద్ధతి చలవే. ఫ్రాంక్‌ఫర్ట్ జూ మాత్రం 1944 మార్చిలో బాంబుల కింద దాదాపు నేలమట్టమైపోయింది. యుద్ధం ముగిశాక, 1945లో మళ్లీ తలుపులు తెరిచారు.