గాలి పిస్తోలు ఒంటిమీది శాసనం

మా మోత్కూరు వైపు గాలి తుపాకి అనగానే జాతరలో బుగ్గలు పగులగొట్టే తుపాకియే అందరికీ జ్ఞప్తికి వస్తుంది. దానికి కులీనమైన జ్ఞాతి ఒకటి ఉన్నది. అదే గుఱి పిస్తోలు. నాలుగున్నర మిల్లీమీటర్ల సీసపు గుండు, పది మీటర్ల దూరం, ఒంటిచేతి పట్టు, ఇదీ దాని వ్యవహారం. 1988 సియోల్ ఒలింపిక్స్‌తో ఈ పోటీకి ఒలింపిక్ హోదా లభించింది. 2018లో తిరువనంతపురంలో జరిగిన జాతీయ పోటీలలో మన హైదరాబాదు బాలిక ఈషా సింగ్ పదమూడేండ్ల ప్రాయంలోనే ఇందులో విజేతగా నిలిచిన నాటినుండి తెలుగువారి ఇండ్లలో కూడా దీని ప్రస్తావన వినవస్తున్నది.

నేటి క్రీడాకారుల చేతిలోనివి ముందుగానే చిన్న సిలిండరులో గాలిని కూరి ఉంచిన పిస్తోళ్ళు. వీటికి ముందు తరానివి స్ప్రింగు బలంతో పనిచేసేవి. 1950 నుండి 1980 వరకు గల మూడు దశాబ్దాలు వాటికి స్వర్ణయుగమని చెప్పవచ్చు. అటువంటి పాత పిస్తోలు చేతికి వచ్చినపుడు ఇది ఎవరు చేసినది, ఎప్పటిది, వెంట ఉన్న సరంజామాలో కర్మాగారం ఇచ్చినదెంత, తరువాత చేరినదెంత అని తేల్చవలసి ఉంటుంది. తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితుని పని ఇదే కదా! మూలమేది, ప్రక్షిప్తమేది అన్నదే ఇక్కడా ప్రశ్న.

మొదట ఊరి పేరు చూడాలి. శాసనంలో రాజధాని పేరును బట్టి కాలాన్ని ఊహించినట్లే ఇక్కడా ఊరి పేరు కాలాన్ని చెబుతుంది. వాల్టర్ సంస్థ రెండవ ప్రపంచయుద్ధం ముగిసేవరకు జెల్లా-మేలిస్ అనే ఊరిలో ఉండేది. యుద్ధం తరువాత ఉల్మ్ నగరంలో మళ్ళీ నిలదొక్కుకున్నది. కనుక వాల్టర్ సరుకుపై ఉల్మ్ అని ఉంటే అది యుద్ధానంతర కాలానిదని నిస్సంశయంగా చెప్పవచ్చు. ఫైన్‌వెర్క్‌బౌ సంస్థది ఓబర్న్‌డోర్ఫ్. దాని ముద్రలో వ్యవస్థాపకులైన వెస్టింగర్, ఆల్టెన్‌బర్గర్‌ల పేర్లు కూడా కనిపిస్తాయి.

రెండవది వ్యాపారనామం. చిక్కంతా ఇక్కడే ఉన్నది. రాష్టాట్‌లోని మాయర్ ఉండ్ గ్రామెల్స్‌పాహర్ సంస్థ గుర్తు డయానా. రోమనుల వేటదేవత విల్లును విసర్జించి తుపాకిని పైకెత్తి చూపుతున్న బొమ్మ అది. యుద్ధంలో జర్మనీ ఓడిన పిదప ఆ సంస్థ యంత్రాలు, డయానా అనే పేరు కూడా స్కాట్లండులోని మిల్‌బ్రో సంస్థకు చేరాయి. ఆ తరువాత అసలు డయానావారు మళ్ళీ తయారీ మొదలుపెట్టినా బ్రిటనులో తమ పేరును తాము వాడుకోలేక 'ఒరిజినల్' అనే పేరుతో అమ్ముకున్నారు. ఆ పేరు వారికి తిరిగి దక్కింది 1984లో. అందువల్ల ఒక పిస్తోలుపై 'ఒరిజినల్' అని ఉంటే అది నకలు కాదని చెప్పే విశేషణంగా భావించరాదు. అది సంజ్ఞావాచకం, కంపెనీ పెట్టుకున్న పేరు! అట్లే ఆ సంస్థ ఆరవ నంబరు పిస్తోలు అమెరికాలో వించెస్టర్ 363 అనే పేరుతోను, హై-స్కోర్ అనే పేరుతోను అమ్ముడైంది. ఒకే కావ్యం వేర్వేరు కవుల పేర చలామణి అయినట్లు! ముఖపత్రాన్ని కాక శైలిని చూచి కర్తను నిర్ణయించినట్లే, ఇక్కడ పేరును కాక లోపలి నిర్మాణాన్ని చూచి తయారీదారుని గుర్తించాలి.

మూడవది ప్రభుత్వముద్ర. పంచభుజి మధ్య 'ఎఫ్' అనే రోమను అక్షరం ఉంటే ఆ పిస్తోలు శక్తి ఏడున్నర జౌళ్ళకు మించదని జర్మనీ చట్టం ప్రకారం ధ్రువీకరించినట్లు. ఈ ముద్ర 1970 నుండి విపణిలోకి వచ్చినవాటికి సంబంధించినది. అయితే ముద్ర లేనంత మాత్రాన అంతకు ముందుదని తీర్పు చెప్పరాదు. విదేశాలకు పంపడానికి చేసినవాటిపై ఆ ముద్ర లేకపోవచ్చు. ఉంటే ప్రమాణం, లేకపోతే సందేహం. అంతవరకే.

ఇక ఉపకరణాలు. వాల్టర్ ఎల్.పి. 53ను ఎక్కుపెట్టాలంటే గొట్టాన్ని పట్టి విరిచినట్లు వంచాలి. అది శ్రమతో కూడిన పని. అందుకని గొట్టం కొసకు తొడిగి పట్టుకునే కొయ్యపిడి ఒకటి ఇచ్చేవారు. పెట్టెలో ఆ పిడి కనిపిస్తే తెలియనివారు ఏదో విరిగిన ముక్క అనుకొని పారవేస్తారు. గొట్టానికి తగిలించే బరువులు, మార్చుకొనే గుఱిముల్లులు కూడా ఇటువంటివే. 1965లో వచ్చిన ఫైన్‌వెర్క్‌బౌ 65లో పేల్చినపుడు కలిగే కుదుపును పైభాగమే వెనుకకు జరిగి మ్రింగివేస్తుంది. మరొక మీటతో ఆ సౌకర్యాన్ని నిలిపివేయవచ్చు. ట్రిగ్గరు బరువును 500 గ్రాముల నుండి 1360 గ్రాములకు మార్చే మీట కూడా ఉన్నది. పెద్ద పిస్తోలుతో పోటీపడేవారికి అభ్యాసం కోసం ఈ ఏర్పాటు. ఇది తెలియకపోతే ఆ మీటలను ఎవరో తరువాత బిగించినవని పొరబడతాము.

అన్నిటికన్న విలువైనది కాగితం ముక్క. కర్మాగారంలో పరీక్షించి పేల్చిన గుఱిబిళ్ళను క్రమసంఖ్య వ్రాసి పిస్తోలుతో ఇచ్చేవారు. కాగితంపై సంఖ్య, ఉక్కుపై సంఖ్య ఒకటైతే ఆ పెట్టె, ఆ పిస్తోలు పుట్టుకతో తోబుట్టువులని అర్థం. వేరైతే ఎవరో జత కలిపారని అర్థం.

వస్తువు పేరు మరుగున పడితే ఏమవుతుందో ఒక చిత్రమైన ఉదాహరణ చెబుతాను. 1963 నాటి జేమ్స్ బాండ్ చిత్రానికి ప్రచార ఛాయాచిత్రాలు తీసేటపుడు బాండు వాడే పిస్తోలు అందుబాటులో లేక, షాన్ కానరీ చేతికి ఎల్.పి. 53ను ఇచ్చారు. లోకమంతా దానిని ప్రాణాంతకమైన ఆయుధమనే నమ్మింది. నిజానికది గాలి పిస్తోలు. 2010లో క్రిస్టీస్ వేలంలో ఆ పిస్తోలుకు రెండు లక్షల డెబ్బది ఏడువేల పౌండ్లకు పైగా పలికింది.

మనకు ఇందులో నేర్చుకోవలసినది ఏమిటంటే, మా ప్రాంతపు కొలనుపాక వంటి చోట్ల శాసనాలు ఎంతో చరిత్రను నిలిపాయి. మరెన్నో గుళ్ళలో భక్తితో వేసిన సున్నం క్రింద అక్షరాలు మూసుకుపోయాయి. పాత పిస్తోలును గరుకుకాగితంతో తోమి తళతళలాడించేవారు చేసేదీ అదే. తుప్పుతో పాటు ముద్ర కూడా పోతుంది. మెరుపు మళ్ళీ తెప్పించవచ్చు కాని పోయిన అక్షరాన్ని తెప్పించలేము.

కనుక మిత్రులారా, మీ ఇంటి అటకపై పిస్తోలే కానక్కరలేదు, పాత గడియారమో, హార్మోనియమో, కుట్టుమిషనో దొరికితే మొదట మెత్తని పొడిగుడ్డతో మాత్రమే తుడవండి. ప్రతి అంకెను, ప్రతి ముద్రను కాగితంపై ఉన్నదున్నట్లు ఎత్తి వ్రాయండి. పనికిరాదని తోచిన చిన్న కొయ్యముక్కను కూడా అదే పెట్టెలో ఉంచండి.