ఒక్క నిర్ణయముతో ముగియు కథలు



కథ చెప్పువాడొకడు, వినువాడొకడు. చెప్పువాడు తన యిచ్చవచ్చిన త్రోవను కథను నడపును, వినువాడు ఊఁకొట్టును. లోకమున కథ పుట్టిననాటినుండి ఈ యేర్పాటే సాగివచ్చుచున్నది. అయినను కొన్ని కథలు తుదకు వచ్చి యాగి, వినువానివైపు మొగము త్రిప్పి, “ఇక నీవేమి చేయుదువో చెప్పు” మని యడుగును. అతడు చెప్పిన దానినిబట్టియే కథ తెగును. అట్టివానిలో మిక్కిలి చిన్నవి, ఒకే యొక్క నిర్ణయముపై నిలిచినవి, 1999-వ సంవత్సరము మొదలుకొని కంప్యూటరు యంత్రముపై ఆడు ఆటలుగా వెలసినవి. వాని పుట్టుపూర్వోత్తరములను విన్నవించుటయే నేటి ప్రసంగము నుద్దేశము.

ఆట యనగానే అది పసివాండ్ర వ్యవహారమని పెద్దలు త్రోసివేయుట కలదు. కాని ఆటలన్నియు నొక్కతీరువి కావు. వైకుంఠపాళిలో ఆడువాని తెలివికి పనిలేదు. పందెము పడినంత మేరకు కాయ నడచును, నిచ్చెనయైనను పామైనను పందెముననుసరించి వచ్చునదే. పులిజూదములో నట్లుగాదు, ప్రతి యెత్తునందును ఆడువాని బుద్ధియే పులిని కట్టును, లేదా మేకను పోగొట్టును. మనము చెప్పుకొనబోవు ఆటలో పందెము లేదు. పెక్కు ఎత్తులును లేవు. ఒక్కటే ఎత్తు. దానితో ఆట సరి. అంత స్వల్పమైనదానిలో రసమేమి యుండునని సందేహము కలుగవచ్చును. దానికి సమాధానము మన ప్రాచీనకథలోనే దొరకును.

సోమదేవుడు కాశ్మీరదేశమున పదునొకండవ శతాబ్దమున రచించిన కథాసరిత్సాగరమునందు భేతాళకథ లిరువదియైదును గలవు. ఆ మహాగ్రంథమునకు మూలము గుణాఢ్యుని బృహత్కథ యనియు, ఆతడు గోదావరీతీరమునందలి ప్రతిష్ఠానపురమున శాతవాహనుని ఆస్థానమం దుండెననియు ప్రతీతి. సోమదేవుడు రాజును త్రివిక్రమసేనుడనెను. తెలుగువారి నోట నాతడు విక్రమార్కుడు. 1947-వ సంవత్సరము జూలై మాసమున వెలువడ నారంభించిన చందమామ పత్రిక, ఆ కట్టుబాటుననే క్రొత్తక్రొత్త కథలల్లించి దశాబ్దములతరబడి ప్రకటించుటచేత, చెట్టుమీది శవమును భుజమున వేసికొని నడచు రాజు తెలుగునాట నింటింట నెరిగినవాడయ్యెను.

అందొక కథను చూడుడు. మందారవతి యను కన్యను ముగ్గురు బ్రాహ్మణకుమారులు కోరిరి. తండ్రి యెవ్వరికిని ఇయ్యకమున్నే ఆమె జ్వరమున మరణించెను. ఒకడు శ్మశానమందే గుడిసె వేసికొని ఆమె బూడిదపై శయనించెను. రెండవవాడు ఆమె యస్థికలను గంగకు గొనిపోయెను. మూడవవాడు సన్యాసియై దేశములు తిరిగి, మృతులను బ్రతికించు మంత్రమును సంపాదించి వచ్చెను. ఆమె బ్రతికెను, ముగ్గురును కలహించిరి. ఆమె యెవరికి భార్య కావలయునని భేతాళుడు ప్రశ్నించెను. ప్రాణమిచ్చినవాడు తండ్రివంటివాడు, అస్థికలను గంగలో కలిపినవాడు పుత్రకార్యము చేసినవాడు, బూడిదను కౌగిలించుకొని శయనించినవాడే భర్త యని రాజు తీర్పు చెప్పెను.

ఇచ్చట గమనింపదగిన దేమి? కథ యంతయు ఒక్క ప్రశ్నకొరకే పేర్చబడినది. ఉత్తరము తెలిసియు చెప్పనిచో రాజు తల వ్రక్కలగును. నోరు విప్పినచో శవము మరల చెట్టెక్కును. కావున తీర్పు చెప్పువానికి గూడ ఆ తీర్పువలన నష్టము కలదు. మాటకు మూల్యమున్నపుడే నిర్ణయమునకు బరువుండునను సంగతిని మన పూర్వులు వేయేండ్లనాటికే గుర్తించియుండిరి. ఇక చివరి ప్రశ్నకు రాజునకే ఉత్తరము తోపలేదు; మౌనముగ నడచెను. ఆ మౌనమే అతనికి జయమయ్యెను.

పాశ్చాత్యులలో ఇట్టి ప్రశ్నను పాఠకుని చేతిలో పెట్టి తప్పుకొన్నవాడు ఫ్రాంక్ స్టాక్టన్ అను అమెరికా రచయిత. ఆతడు 1882-వ సంవత్సరమున సెంచరీ యను మాసపత్రికలో “వనితయా, వ్యాఘ్రమా?” యను నర్థము వచ్చు పేరుతో నొక చిన్నకథ ప్రకటించెను. ఒక రాజు నేరము మోపబడినవానిని రంగస్థలమున నిలిపి, రెండు తలుపులలో నొకదానిని తెరువుమనును. ఒకదాని వెనుక పెద్దపులి, ఒకదాని వెనుక పెండ్లికూతురు. రాజకుమార్తె ప్రేమించిన యువకుడే ఆ శిక్షకు గురియయ్యెను. ఏ తలుపు వెనుక ఏమున్నదో ఆమె రహస్యముగా తెలిసికొన్నది. కాని ఆ వనిత తాను ద్వేషించునది. అతడు పులివాత పడుట చూచి సహించునా? ఆ సవతికి మగడగుట చూచి సహించునా? ఆమె కుడివైపు చేయి చూపెను. అతడు ఆ తలుపు తెరచెను. వచ్చిన దేదియో మీరే చెప్పుడని రచయిత కలము దించెను. పాఠకులు జాబులమీద జాబులు వ్రాసి యడిగిరి. 1885-వ సంవత్సరమున మరియొక కథ వ్రాసెను గాని, అందును ప్రశ్నకు బదులు మరియొక ప్రశ్ననే యొసగెను.

ఇంతవరకు పాఠకు డూహించుటయే గాని, అతని యూహచే కథ మారలేదు. 1930-వ సంవత్సరమున డోరిస్ వెబ్‌స్టర్, మేరీ ఆల్డెన్ హాప్కిన్స్ అను నిద్దరు స్త్రీలు అమెరికాలో ప్రకటించిన గ్రంథమున ఆ మార్పు వచ్చినది. పర్యవసానములను ఆలోచింపుడని దాని పేరున కర్థము. హెలెన్ అను యువతి యిద్దరు వరులలో నెవరిని వరింపవలయునో చదువరియే నిర్ణయించును. నిర్ణయముననుసరించి ఫలానా పుటకు పొమ్మని గ్రంథము చెప్పును. 1935-వ సంవత్సరమున న్యూయార్కు నగరమున ప్రదర్శింపబడిన ఐన్ రాండ్ నాటకమునందు, హత్యానేరము మోపబడిన యొక స్త్రీ విచారణ జరుగును. ప్రేక్షకులనుండి పండ్రెండుగురిని పిలిచి జూరీగా కూర్చుండబెట్టి, వారి తీర్పునుబట్టి నాటకమును ముగింతురు. ముగింపులు రెండు వ్రాసి యుంచబడెను. నాటక మంతయు విన్నపిమ్మట నొక్క మాట: దోషియా, నిర్దోషియా? రచ్చబండ తీర్పు నెరిగిన మీకు ఈ యేర్పాటు క్రొత్తగా తోపదు.

1967-వ సంవత్సరమున కెనడాలోని మాంట్రియల్ నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమునందు, చెకోస్లొవేకియా దేశమువారు కినోఆటోమాట్ అను చలనచిత్రమును చూపిరి. దీనిని కల్పించినవాడు రాదూజ్ చించెర. ప్రతి యాసనమునకును రెండు మీటలుండెను, ఒకటి యెరుపు, ఒకటి పచ్చ. కథానాయకుడు నోవాక్ ఇక్కట్టున పడినప్పుడెల్ల చిత్రము నిలిచిపోవును. ఒక నటుడు వేదికపైకి వచ్చి సభవారి యభిప్రాయ మడుగును. భార్య యింటికి వచ్చు వేళకు, పొరుగింటి స్త్రీ యొక తువ్వాలుతో తలుపు బయట చిక్కుకొని ఆశ్రయము వేడుచున్నది. రానిచ్చుటయా, మానుటయా? మీటలు నొక్కుదురు, అధికసంఖ్యాకుల మాటప్రకారము చిత్రము సాగును.

ఇందులో నొక చమత్కారము దాగియున్నది. సభవారు ఎరుపు నొక్కినను పచ్చ నొక్కినను, రెండు త్రోవలును కొంతదూరము నడచి మరల నొక్కచోటనే కలియును. కథారంభమున చూపిన యిల్లు తుదకు కాలియే తీరును. నిర్ణయించుచున్నామన్న సంతోషమే ప్రజలది. నిర్ణయము మాత్రము వారిది కాదు. ఓటు వేయుట యొక వేడుకగా మిగిలిన దేశమున పుట్టిన చిత్రమునకు ఇంతకన్న వాడియైన పరిహాస మేమి యుండును? 1970 ప్రాంతములలో అచ్చటి ప్రభుత్వము దాని ప్రదర్శనమును నిలిపివేసెను.

త్రోవలను మరల కలుపుటకు పరిహాస మొక్కటే కారణము కాదు, లెక్కయు కారణమే. ప్రతి మలుపునందును రెండేసి త్రోవలు పెట్టినచో, రెండు మలుపులకు నాలుగు ముగింపులు, మూడింటికి ఎనిమిది, అట్లే పదవ మలుపునకు 1024 ముగింపులు వ్రాయవలసివచ్చును. ఏ రచయితకు తరమగును? కావున దారులను మోసపుచ్చి కలుపుటయైనను వలయును. లేదా మలుపులను తగ్గించుటయైనను వలయును. తగ్గించి తగ్గించి తుదకొక్క మలుపే యుంచిన కథ, మఱ్ఱివలె నెల్లెడల శాఖలు దిగక, తాడిచెట్టువలె నిట్టనిలువుగ నెదిగి, కొసయం దొక్కచోటనే నలుదెసల మట్టలు విప్పును. మనము చెప్పుకొను చిన్న ఆటల రహస్య మిదియే.

ఇక యంత్రము సంగతి. అమెరికాలో విల్ క్రౌథర్ అను నాతడు కంప్యూటరులకు ఆజ్ఞలు వ్రాయుటయందు నేర్పరి; కెంటకీ రాష్ట్రమునందలి మామత్ గుహలలో దిగి దారులు కొలిచి పటములు గీయుటయు ఆతని కలవాటు. భార్యతో వియోగము కలిగినపిమ్మట, తన కుమార్తెల వినోదమునకై ఆ గుహలను పోలిన యొక సాహసకథను 1976 ప్రాంతమున యంత్రమునందు వ్రాసెను. అందు బొమ్మలు లేవు. యంత్రము మాటలతో ఎదుటి దృశ్యమును వర్ణించును. ఆడువాడు ఉత్తరమునకు పొమ్మనియో, దీపము తీసికొమ్మనియో మాటలతోనే యాజ్ఞాపించును. 1977-వ సంవత్సరమున డాన్ వుడ్స్ దానిని పెంచెను. ఎడ్వర్డ్ పాకార్డ్ అను న్యాయవాదియు, తన కూతుండ్రకు రాత్రివేళ కథ చెప్పుచు తోచక, తరువాత నేమి జరుగవలెనని వారినే యడిగి, ఆ యడుగుటనుండియే పుటలు త్రిప్పి త్రోవ నెన్నుకొను బాలల పుస్తకములను కల్పించెను. అవి 1979 నుండి విశేషముగా వ్యాపించినవి. ఈ రెండు పద్ధతులకును మూలము బిడ్డలకు కథచెప్పు తండ్రియే యగుట గమనింపదగినది.

ఇట్టి వచనక్రీడలు క్రమముగా పెరిగి, వందలకొలది ఆజ్ఞలతోగాని ముగియనంతటివయ్యెను. అంతట 1999-వ సంవత్సరమున ఇంగ్లండుదేశీయుడగు సామ్ బార్లో “ఐల్” అను ఆటను వెలువరించెను. ఐల్ అనగా అంగడిలో రెండు వరుసల అరలనడుమ నడచు సందు. గురువారము రాత్రి ప్రొద్దుపోయినది. అలసిన యొక పురుషుడు పెద్ద అంగడిలో, ఇటలీదేశపు పిండివంటకముల అరకడ నిలిచియున్నాడు. కొంచెము దూరమున నొక స్త్రీ బండి త్రోసికొనుచున్నది. అంతే. ఆడువా డొక్క ఆజ్ఞ నీయవచ్చును. పొట్లము తీసికొమ్మనవచ్చును, ఆ స్త్రీతో మాటాడుమనవచ్చును, ఏడువుమనవచ్చును, వెళ్లిపొమ్మనవచ్చును. యంత్రము దానికి ఫలితమును కొన్ని వాక్యములలో చెప్పును, కథ ముగియును. మరల మొదటి క్షణమే యెదుట నిలుచును. ఇట్లు నూటికి పైబడిన ముగింపులు గలవు.

అన్నింటిని చదివినవానికి ఆశ్చర్యము కలుగును. ఆతనికి క్లేర్ అను ప్రియురాలు, రోమునగరమున నామెతో గడపిన దినములును గుర్తుకువచ్చును. కాని యొక ముగింపులో ఆమె మరణించినది, మరియొకదానిలో విడిచిపోయినది, వేరొకదానిలో ఆతడంతయు పోగొట్టుకొన్నవాడు కానేకాడు. తక్కిన కథలయందు మన నిర్ణయము ముందు జరుగబోవుదానిని మార్చును. ఇందు వెనుక జరిగినదానిని గూడ మార్చును. మన మడిగిన ప్రశ్ననుబట్టియే ఆ మనుష్యుడు సజ్జనుడుగనో, దీనుడుగనో, క్రూరుడుగనో కానవచ్చును. పరునిపట్ల మనము తీర్చు తీర్పునందు మన స్వభావమే ఎంత పాలు కలిసియుండునో తెలుపుటకు ఇది మంచి యద్దము.

మరుసటి సంవత్సరమే, అనగా 2000 లో, ఆండ్రూ పాంటియస్ వ్రాసిన “రీమాచ్” దీనికి ప్రతిపక్షము. స్నేహితులు కూడి యాడుకొనుచున్న గదిలోనికి ఒక మోటారుబండి గోడను పగులగొట్టుకొని వచ్చి ప్రాణములు తీయును. దానికిముం దొక్క ఎత్తు మాత్రమే మనది. ఐల్ నందు తప్పు నిర్ణయమే లేదు. ఇందు సరియైన నిర్ణయము ఒక్కటే. మరల మరల మరణించుచు, చుట్టునున్న ప్రతి వస్తువును పరికించి, తుదకు ఆ యొక్క ఆజ్ఞను కూర్చుకొనవలయును. అటుపిమ్మట 2009-వ సంవత్సరమున క్రిస్ క్లైమస్ కల్పించిన ట్వైన్ అను సాధనముచే, యంత్రభాష నెరుగనివారును ఇట్టి కథలను వ్రాయ మొదలుపెట్టిరి. 2013-వ సంవత్సరమున ఆన్నా ఆంత్రొపీ వ్రాసిన ఆటలో లోకము నశించుటకు పది సెకనులే మిగిలియుండును, ప్రియమైనవారు చెంతనుందురు. ఆ పది సెకనులలో మాటాడుటయో, మౌనముగ చేయి పట్టుకొనుటయో మనమే తేల్చుకొనవలెను.

ఈ చరిత్రను సింహావలోకనము చేసినచో నొక సంగతి స్పష్టమగును. ఎన్నుకొనుడని యడుగువా రందరును మనకు స్వాతంత్ర్యమిచ్చువారు కారు. కినోఆటోమాట్ సభలో పెక్కుమారులు మీటలు నొక్కినవాని కేమియు దక్కలేదు. అంగడిసందులో నొక్కమాట పలికినవానికి మాత్రము ఒక మనుష్యుని జీవితమంతయు మారిపోయినది. కావున నిర్ణయములెన్ని యని లెక్కించుటకన్న, నేను వేరుగా చెప్పినచో ఫలితము వేరుగా నుండెడిదా యని విచారించుట మేలు. ఊరి తగవునందు పెద్దమనుష్యులను కూర్చుండబెట్టి, ముందే నిశ్చయమైన మాటకు తలయూపించుకొనుట కలదు. నిజముగా వారి మాటకొరకు కాచుకొనియుండుటయు కలదు. రెండింటను అడుగు ప్రశ్న యొక్కటే. తారతమ్యము మాత్రము హస్తిమశకాంతరము. మొదటిదానియందు విక్రమార్కుని కడపటి మౌనమే శ్రేయస్కరము. రెండవదానియందు, శవము చెట్టెక్కినను సరియే, తెలిసినది చెప్పవలసినదే.