మన పేట రైలు స్టేషను

పేటలో ఎవరింటికి చుట్టం వచ్చినా, వెనుకటి రోజుల్లో ముందు అడిగే మాట "ఏ బండికి దిగారు?" అనే. బస్సులు పెరిగాక ఆ మాట తగ్గింది గాని పూర్తిగా పోలేదు.

మన స్టేషనుకు మూలం కరువు. 1876-78 ధాత కరువులో బళ్ళారి, కర్నూలు సీమలకు ధాన్యం చేరవేయడానికి దారి లేక జనం అల్లాడిపోయారు. ఆ తరువాత ప్రభుత్వం పూనుకొని బళ్ళారి-కృష్ణా రైలుమార్గం వేయించింది. గుంతకల్లు నుంచి నంద్యాల, వినుకొండ, నరసరావుపేట, గుంటూరు మీదుగా బెజవాడకు 1890 ప్రాంతంలో బండి నడిచింది. నడిపింది సదరన్ మరాఠా కంపెనీ. 1951లో దక్షిణ రైల్వే వచ్చింది. ఇప్పుడు మన స్టేషను 2003లో ఏర్పడ్డ గుంటూరు డివిజనులో ఉంది.

అది మీటరు గేజి, చిన్న బండి. పట్టాల మధ్య ఎడం మీటరే. పెద్ద లైను మీదికి పోవాల్సిన మిరపకాయ బస్తా, పత్తి బేలు దారిలో దించి మళ్ళీ ఎక్కించాల్సిందే. హమాలీలకు అది కూడు, వ్యాపారికి దండగ! మనుషులకూ ఆ మార్పు తప్పేది కాదు. మా పెద్దల్లో హజ్‌కు పోయినవారు పేటలో చిన్న బండి ఎక్కి, గుంతకల్లులో పెట్టే బేడా దించుకొని, బొంబాయి బండి పట్టుకొని, అక్కడ ఓడ ఎక్కేవారు. సాగనంపడానికి వీధి వీధంతా ప్లాట్‌ఫారం మీదికి వచ్చేది. దువా చేసేవారు, ఏడ్చేవారు, గార్డు ఈల వేసినా చెయ్యి వదిలేవారు కాదు. 1990 దశకంలో పెద్ద పట్టాలు పడ్డాక ఈ దించుడు ఎక్కుడు బాధ తీరింది.

ఒక బాధ మాత్రం మిగిలింది. 1930 ప్రాంతంలో మాచర్లకు వేసిన లైను నల్లపాడు దగ్గర చీలి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, గురజాల మీదుగా పోయింది. పేట ముఖం చూడలేదు. సాగర్ డ్యాము కట్టే రోజుల్లో మాచర్ల స్టేషనుకు వచ్చిన కళ అంతా ఇంతా కాదు, ఆ కథ వేరు. 2022లో పల్నాడు జిల్లా వచ్చి పేట కేంద్రమైంది. ఆ పాత లైను మీద గురజాల మనిషి కలెక్టరాఫీసుకు రావాలంటే నల్లపాడు దాకా పోయి వెనక్కు తిరగాలి. అంత చుట్టు ఎవరు తిరుగుతారు? బస్సే ఎక్కుతారు.

నడికుడి-శ్రీకాళహస్తి మార్గంలో భాగంగా పిడుగురాళ్ల, శావల్యాపురం మధ్య పట్టాలు పడ్డాయి. శావల్యాపురంలో దిగి మారాల్సి వచ్చినా సరే, పొద్దున వచ్చి ఆఫీసు పని చూసుకొని రాత్రికి ఇల్లు చేరేటట్టు గురజాల వారికి ఆ దారిన ఒక పాసింజరు అందాలని మేము కోరుతున్నాం.