వెబ్ తొలినాళ్ళ కథ

మా కళాశాలలో క్రొత్తగా చేరిన విద్యార్థులను ప్రతి యేడును నేనొక ప్రశ్న అడుగుచుందును: "ఇంటర్నెట్టు, వెబ్ ఒకటేనా?" తరగతిలో ముప్పాతిక మంది "ఒకటే" అందురు. తప్పు వారిది కాదు. నిత్యవ్యవహారములో మనమందరమును ఆ రెండు మాటలను కలిపివేసినాము. ఇంటర్నెట్టు ఒక బాట. వెబ్ ఆ బాట మీద సాగు రాకపోకలలో ఒకటి. కంప్యూటర్లను కలుపు తీగలును, వాటి మీద సమాచారమును చిన్న చిన్న పొట్లములుగా చేరవేయు నియమములును కలిసి ఇంటర్నెట్టు అయినది. వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అను అమెరికన్ శాస్త్రజ్ఞులు 1974లో ఆ నియమములను ప్రకటించిరి. 1983 జనవరి 1న అమెరికాలోని అర్పానెట్ వాటికి మారెను. ఆ బాట మీద ఉత్తరములు నడిచెను, ఫైళ్ళు నడిచెను. కాని చదువుచున్న కాగితములోని ఒక మాటను ఎన్నుకొనినంతనే, ప్రపంచములో మరెక్కడనో ఉన్న కాగితము కండ్లయెదుట నిలుచు ఏర్పాటు అప్పటికి లేదు. ఆ ఏర్పాటే వెబ్.

అట్టి కోరిక మాత్రము క్రొత్తది కాదు. 1945లో వానెవార్ బుష్ అను అమెరికన్ ఇంజనీరు ఒక వ్యాసములో మెమెక్స్ అను యంత్రమును ఊహించెను. చదువరి తన బల్ల దగ్గర కూర్చుండియే, మైక్రోఫిల్ముల మీదనున్న గ్రంథములను ఒకదానితో నొకటి ముడివేసికొనును. ఆ యంత్రము తయారు కాలేదు. 1965లో టెడ్ నెల్సన్ ఇట్టి ముడులు గల వ్రాతకు హైపర్‌టెక్స్ట్ అను పేరును ప్రకటించెను. 1968 డిసెంబరు 9న డగ్లస్ ఎంగెల్‌బర్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో నిండుసభ యెదుట, తన బృందము నిర్మించిన మౌస్‌తో తెర మీది ముడులను నొక్కి చూపెను. వెబ్ బీజములు ఈ ముగ్గురి ఆలోచనలలో కలవు. అయినను అది మొలకెత్తినది భౌతికశాస్త్రజ్ఞుల పెరటిలో.

స్విట్జర్లాండు, ఫ్రాన్సు దేశముల సరిహద్దున, జెనీవా దగ్గర సెర్న్ అను కణభౌతిక పరిశోధనాలయము కలదు. పరిశోధకులు అనేక దేశములనుండి అక్కడికి వచ్చి, ఒక ప్రయోగములో పాల్గొని, రెండేండ్లకో మూడేండ్లకో వెడలిపోవుచుందురు. వారితోబాటు వారికి తెలిసినదియు పోవును. పైగా అచటి కంప్యూటర్లు పలు రకములు. ఒక రకపు యంత్రములో దాచిన సమాచారమును చూడవలెనన్న ఆ యంత్రము దగ్గరకే పోయి, దాని భాషను నేర్చుకొనవలసియుండెను.

1980లో ఈ సంస్థకు ఆరునెలల పని మీద టిమ్ బెర్నర్స్‌లీ అను 25 ఏండ్ల ఆంగ్లేయుడు వచ్చెను. ఆక్స్‌ఫర్డులో భౌతికశాస్త్రము చదివినవాడు. తల్లిదండ్రులిరువురును ఫెరాంటి మార్క్ 1 అను తొలితరపు కంప్యూటరు మీద పనిచేసినవారే. ఎవరు ఏ పని చేయుచున్నారో, ఏ ప్రోగ్రాము దేనిపై ఆధారపడినదో గుర్తుంచుకొనుటకు ఆయన తన సొంతమునకు ఎంక్వైర్ అను ప్రోగ్రామును వ్రాసికొనెను. 1984లో మరల సెర్న్‌కు వచ్చినప్పుడు అదే చిక్కు మరింత పెద్దదై కనిపించెను. 1989 మార్చిలో ఒక ప్రతిపాదన వ్రాసి పై అధికారి మైక్ సెండాల్‌కు ఇచ్చెను. సెండాల్ దాని మీద పెన్సిలుతో వ్రాసిన మాట ఇది: అస్పష్టము, కాని ఉత్సాహకరము.

అధికారులు సాధారణముగా మొదటి మాట దగ్గరనే ఆగిపోవుదురు. సెండాల్ రెండవ మాటను కూడ వ్రాసెను; అంతే కాదు, 1990లో నెక్స్ట్ అను ఖరీదైన క్రొత్త కంప్యూటరును పరీక్షించు మిషతో కొని బెర్నర్స్‌లీకి ఇప్పించెను. రాబర్ట్ కైయో అను బెల్జియన్ ఇంజనీరు తోడు నిలిచి, ప్రతిపాదనను తిరిగి వ్రాయించి, మనుషులకొరకును ధనముకొరకును కార్యాలయముల చుట్టు తిరిగెను. ఇట్టి పనికి చరిత్రలో ఒక్క వాక్యము కూడ దక్కదు. కాని అది లేనిదే చరిత్రయు లేదు. 1990 క్రిస్ట్‌మస్ నాటికి మొదటి సర్వరు, మొదటి బ్రౌజరు పనిచేయుచుండెను. ఎవరైన పొరపాటున ఆపివేసిన ప్రపంచములోని వెబ్ అంతయు ఆగిపోవును గనుక, ఈ యంత్రమును ఆపవద్దని ఆ కంప్యూటరు మీద ఎర్రసిరాతో వ్రాసిన చీటీ నొకదానిని అంటించిరి.

బెర్నర్స్‌లీ సమకూర్చినవి మూడు. మొదటిది చిరునామా: ప్రతి కాగితమునకు, ఊరు, వీధి, ఇంటి నెంబరు వలె ప్రపంచమంతటను ఒకే గుర్తు. దానినే యూఆర్‌ఎల్ అందుము. (అందులోని రెండు గీతలు నిజమునకు అనవసరమేనని చాలకాలమునకు, 2009లో ఆయనే ఒప్పుకొనెను.) రెండవది హెచ్‌టీటీపీ, అనగా కాగితమును అడుగువాడును ఇచ్చువాడును మాటలాడుకొను పద్ధతి. మూడవది హెచ్‌టీఎంఎల్, ఏది శీర్షిక, ఏది పేరా, ఏది లింకు అని వ్రాతలోనే గుర్తులు పెట్టు భాష.

ఈ మూడింటిలో ఏదియు గొప్ప గణితము కాదు. ఆయన సాహసము వేరొకచోట నున్నది. అప్పటి హైపర్‌టెక్స్ట్ పండితులు లింకులను జాగ్రత్తగా కాపాడవలెననిరి. ఒక కాగితమునుండి మరొకదానికి లింకు వేసినచో, రెండవ కాగితమునకును ఆ సంగతి తెలియవలెను. అది కదలినచో లింకును సరిచేయవలెను. నెల్సన్ ఊహించిన జానడు అను వ్యవస్థలో లింకులు రెండు వైపులకును పోవును. వినుటకు బాగున్నది. కాని లోకములోని కాగితములన్నిటి లింకులను ఎవరు కాపలా కాయుదురు? దానికొక కేంద్రము కావలెను. కేంద్రమున్నచో దాని అనుమతియు కావలెను. బెర్నర్స్‌లీ లింకును ఒకవైపుకే పోనిచ్చెను. ఒక గ్రంథకర్త తన పుస్తకములో మరొక గ్రంథమును పేర్కొనుటకు ఆ గ్రంథకర్త సెలవు తీసికొనునా? ఇదియు అట్లే. అవతలి కాగితము మాయమైనచో లింకు తెగిపోవును, అంతే. నేడు మనకు అప్పుడప్పుడు ఎదురగు "404, పుట దొరకలేదు" అను సమాధానము ఈ నిర్ణయమునకు మనము చెల్లించు మూల్యము. 1991 డిసెంబరులో అమెరికాలోని శాన్ ఆంటోనియో నగరమున హైపర్‌టెక్స్ట్ పండితుల సమావేశమునకు ఆయన పంపిన పత్రమును వారు తిరస్కరించి, పని చూపించుటకు మాత్రము చోటిచ్చిరి.

ఇంకొక అడ్డంకి యుండెను. మొదటి బ్రౌజరు నెక్స్ట్ యంత్రముల మీద మాత్రమే నడుచును. ఆ యంత్రములు చాల కొద్దిమంది దగ్గరనే యుండెను. నికోలా పెల్లో అను గణిత విద్యార్థిని, లెస్టర్ పాలిటెక్నిక్ నుండి శిక్షణకై సెర్న్‌కు వచ్చియుండెను. బొమ్మలు, మౌస్ ఏమియు అక్కరలేక, అక్షరములను వరుసవెంట వరుసగా చూపు బ్రౌజరును ఆమె వ్రాసెను. లింకులకు నెంబర్లుండును, నెంబరు కొట్టినచో ఆ కాగితము వచ్చును. చూచుటకు బీదగా నుండును గాని, ఎట్టి కంప్యూటరు మీదనైనను నడుచును. సెర్న్‌లో జనము వెబ్‌ను మొదట వాడినది మహాశాస్త్రమునకు గాదు, సంస్థ టెలిఫోను నెంబర్లు వెదకుకొనుటకు! 1991 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డు త్వరణయంత్ర పరిశోధనాలయమునుండి పాల్ కుంజ్ అను శాస్త్రజ్ఞుడు వచ్చి చూచెను. తమ లైబ్రరీలోని భౌతికశాస్త్ర పత్రముల పట్టికకు ఇది తగినదని గ్రహించెను. లూయీస్ ఆడిస్ అను లైబ్రేరియను పట్టుబట్టి పని జరిపించెను. 1991 డిసెంబరులో ఐరోపా వెలుపలి మొదటి వెబ్ సర్వరు అక్కడ నెలకొనెను.

1992లో హెల్సింకీలో నలుగురు విద్యార్థులు ఒక బ్రౌజరు వ్రాసిరి. బర్కిలీలో పెయ్ వెయ్ అను విద్యార్థి వయోలా అను మరొకటి వ్రాసెను. వీరిలో నొక్కరును సెర్న్‌ను అనుమతి అడుగలేదు. అడుగవలసిన పనియు లేదు. 1993లో ఇలినాయ్ విశ్వవిద్యాలయములోని కంప్యూటరు కేంద్రములో మార్క్ ఆండ్రీసన్ అను విద్యార్థియు, ఎరిక్ బినా అను ఉద్యోగియు కలిసి మొజాయిక్‌ను వెలువరించిరి. అందులో బొమ్మ అక్షరముల ప్రక్కనే, అదే పుటలో కనిపించును. సాధారణ కంప్యూటర్ల మీద సులభముగా అమరును. సామాన్యులకు వెబ్ పరిచయమైనది దీనివలననే.

ఇక్కడ నాకొక అసంతృప్తి కలదు. బెర్నర్స్‌లీ మొదటి బ్రౌజరులో చదువుటయే గాక వ్రాయుటకును వీలుండెను. పెల్లో బ్రౌజరులోను మొజాయిక్‌లోను చదువుట ఒక్కటే మిగిలెను. త్వరపడి వ్యాపించుటలో వెబ్ సగము కలమును పారవేసికొనెనని నా అభిప్రాయము.

ఇంతవరకు చదివినవారు వెబ్ గెలుపు సహజమేననుకొందురేమో. 1993 మొదట్లో పరిస్థితి అట్లు లేదు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారు 1991లో విడుదల చేసిన గోఫర్ అను పద్ధతి వెబ్‌కన్న ఎక్కువ వాడుకలో నుండెను. సమాచారమును పట్టికలుగా చూపును; వాడుట తేలిక. కాని 1993 వసంతములో ఆ విశ్వవిద్యాలయము, తమ గోఫర్ సర్వరును వాడు సంస్థలనుండి, ముఖ్యముగా వ్యాపార సంస్థలనుండి, రుసుము తీసికొనదలచినట్లు ప్రకటించెను. అడిగినది న్యాయమే కావచ్చును. పనివారికి జీతములు ఎక్కడనుండి వచ్చును? కాని దాని మీద క్రొత్త పని కట్టదలచినవారు జంకిరి. నేడు కొంత అడిగినవారు రేపెంత అడుగుదురో!

వెబ్ విషయములోను ఇదే అనుమానము పుట్టుట తథ్యము. బెర్నర్స్‌లీ, కైయో సంస్థ అధికారులను వెంటబడి అడిగిరి. 1993 ఏప్రిల్ 30న సెర్న్ డైరెక్టర్లు వాల్టర్ హూగ్లాండ్, హెల్ముట్ వెబర్ ఒక చిన్న పత్రము మీద సంతకము చేసిరి. బ్రౌజరు, సర్వరు, వాటికి ఉమ్మడియైన ప్రోగ్రాముల మీద సెర్న్ తన హక్కులన్నిటిని వదలుకొనుచున్నది. ఎవరైనను వాడుకొనవచ్చును, నకలు తీయవచ్చును, మార్చవచ్చును, పంచిపెట్టవచ్చును. దాని భావము ఇంతే. గోఫర్ వెనుకబడుటకు రుసుము ఒక్కటే కారణమనుట సరికాదు. పట్టికలకన్న లింకులు, బొమ్మలు జనమును ఎక్కువగా ఆకర్షించెను. కాని ఆ పత్రము లేనిచో మొజాయిక్ వెంట వచ్చినవారు అంత ధైర్యముగా వచ్చియుండెడివారు కారు. 1993 చివరకు 500కు పైగా సర్వర్లు, 1994 చివరకు సుమారు 10,000. ఆ సంవత్సరమే ఆండ్రీసన్ జిమ్ క్లార్క్‌తో కలిసి వ్యాపారములో దిగి నెట్‌స్కేప్ బ్రౌజరును వెలువరించెను. అదే యేడు బెర్నర్స్‌లీ అమెరికాకు పోయి, మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో వెబ్ నియమములను చర్చించి నిర్ణయించు ఉమ్మడి సంఘమును స్థాపించెను. మన దేశములో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న సామాన్య చందాదారులకు ఇంటర్నెట్టును తెరచినప్పుడు, ఆ బాట మీద వెబ్ మనకొరకు సిద్ధముగా నుండెను.

ఉపాధ్యాయులకు ఒక మాట. సెర్న్ వారు 2013లో మొట్టమొదటి వెబ్ చిరునామాను పునరుద్ధరించి, పెల్లో వ్రాసిన బ్రౌజరును నేటి కంప్యూటరు మీద అనుకరించి చూపు ఏర్పాటు చేసిరి. నల్లని తెర, పచ్చని అక్షరములు, మౌస్ లేదు. తరగతిలో తెరచి, పిల్లలను ఒక నెంబరు కొట్టుమనుడు. అక్షరములు ఒక్కొక్క వరుసగా దిగి వచ్చుచుండును; మా విద్యార్థులు మొదట నవ్విరి, తరువాత పావుగంట సేపు తెర దగ్గరనుండి కదలలేదు.